దోనెలో వచ్చిన హెచ్చరిక
తైనో నాయకుడు హతువే జీవితగాథ

సముద్రాలు దాటినవారి పేర్లు చరిత్ర గ్రంథాలలో కోకొల్లలు. రాజ్యం కోసం దాటినవారు ఉన్నారు, ధనం కోసం దాటినవారు ఉన్నారు, విద్య కోసం దాటినవారూ ఉన్నారు. కాని తమ మీద విరుచుకుపడిన ఆపద పొరుగువారి మీద కూడా పడబోతున్నదని గ్రహించి, ఆ మాట ముందుగా వారి చెవిని వేయడానికి సముద్రం దాటినవారు అరుదు. అటువంటి అరుదైన వ్యక్తులలో తైనో జాతి నాయకుడు హతువే ఒకడు. ఆయన మరణించి ఐదు శతాబ్దాలు దాటినా క్యూబా ప్రజలు ఆయనను తమ స్వాతంత్ర్య వీరులలో మొదటివానిగా స్మరిస్తారు. విశేషమేమంటే, ఆయన క్యూబాలో పుట్టినవాడు కాడు. పొరుగు ద్వీపం నుండి దోనెలో వచ్చినవాడు.

హతువే వద్ద ఇనుప ఆయుధం లేదు, గుర్రం లేదు, తుపాకి లేదు, తన మాటను వ్రాసి పంపడానికి లిపి కూడా లేదు. కళ్లారా చూసిన అనుభవం ఒకటి, దానిని మోసుకొని పోగల దోనె ఒకటి, ఈ రెండే ఆయనకు ఉన్న సంపద. కనుక ఆయన జీవితాన్ని అర్థం చేసుకోదలచినవారు ముందుగా ఆ దోనె ఎటువంటిదో, దానిని చెక్కిన ప్రజలు ఎటువంటివారో తెలుసుకోవడం అవసరం.

తైనోల దేశం, దైనందిన జీవనం

ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల నడుమ, కరేబియన్ సముద్రంలో క్యూబా, హిస్పానియోలా, జమైకా, ప్యూర్టో రికో అనే పెద్ద ద్వీపాలు ఉన్నాయి. వీటిలో హిస్పానియోలా ద్వీపాన్ని నేడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ అనే రెండు దేశాలు పంచుకున్నాయి. తైనోల పూర్వికులు దక్షిణ అమెరికా ఖండంలోని ఒరినోకో నదీ ప్రాంతం నుండి దోనెలలో బయలుదేరి, ఒక్కొక్క ద్వీపాన్నే దాటుకుంటూ, శతాబ్దాల కాలంలో ఈ దీవులలో స్థిరపడ్డారు. తైనో అనే మాటకు వారి భాషలో మంచివారు అని అర్థం. హతువే ఈ జాతిలో, హిస్పానియోలా ద్వీపపు వాయవ్య భాగమైన గ్వాహబా ప్రాంతంలో కసీకే పదవిలో ఉండేవాడు. కసీకే అంటే ఆ ప్రాంతపు నాయకుడు. పంటను, వేటను, చేపలను అందరికీ సమంగా అందేటట్లు చూడడం, పండుగలు జరిపించడం, వచ్చిన అతిథులను ఆదరించడం, ఇతర గ్రామాలతో బాంధవ్యాలు నెరపడం కసీకే బాధ్యతలు. వారసత్వం తల్లివైపు నుండి నడిచేది. నాయకుని తరువాత ఆయన సోదరి కుమారుడు ఆ పదవికి రావడం పరిపాటి.

వారి వ్యవసాయం మట్టికుప్పల మీద సాగేది. వదులు మట్టిని మోకాలి ఎత్తున గుండ్రని కుప్పలుగా పోసి, వాటిలో కర్రపెండలం నాటేవారు. ఈ కుప్పల చేనుకు కొనూకో అని పేరు. వానలకు మట్టి కొట్టుకొని పోకుండా, దుంప కుళ్లకుండా, త్రవ్వడం సులువయ్యేటట్లు చేసుకొన్న ఏర్పాటు ఇది. వారు పండించిన కర్రపెండలంలో చేదు రకం దుంపలో ప్రాణాంతకమైన విషం ఉంటుంది. స్త్రీలు ఆ దుంపను గరుకు రాతిపలక మీద తురిమి, అల్లిన పొడవాటి గొట్టపు సంచిలో కూరి, దానిని వేలాడదీసి లాగి విషరసాన్ని పిండివేసేవారు. మిగిలిన పిండిని మట్టి పెనం మీద పలుచని రొట్టెగా కాల్చేవారు. ఆ రొట్టె పొడిగా ఉంచితే నెలల తరబడి చెడిపోదు. దూరప్రయాణం చేసే దోనెలలో అదే ఆహారం.

చిలగడదుంప, మొక్కజొన్న, వేరుశనగ, మిరప, ప్రత్తి, పొగాకు కూడా వారి చేలలో పండేవి. మన తూర్పు గోదావరి సీమలో సగ్గుబియ్యానికి పండించే కర్రపెండలం, అనంతపురం వేరుశనగ, గుంటూరు మిరప, ఇవన్నీ అమెరికా ఖండాలలో పుట్టి, ఓడల ద్వారా మన దేశానికి వచ్చిన పంటలే. మనం ప్రతిదినం తినే కారం వెనుక ఆ దూరపు రైతుల శ్రమ కూడా ఉన్నదని విద్యార్థులు గుర్తించాలి.

తైనోలు కర్రలతో, తాటిజాతి ఆకుల కప్పుతో గుండ్రని ఇళ్లు కట్టుకొనేవారు. ప్రత్తి నూలుతో అల్లిన ఊయల పడకలలో నిద్రించేవారు. ఊరి మధ్య చదును చేసిన మైదానం ఉండేది. అక్కడ చెట్ల జిగురుతో చేసిన బంతితో, చేతులతో తాకకుండా, భుజాలతోను తుంటితోను కొట్టే ఆట ఆడేవారు. అదే మైదానంలో అరెయితో అనే సామూహిక నృత్యగానం జరిగేది. లిపి లేని ఆ జాతికి అరెయితోయే చరిత్ర గ్రంథం. పూర్వుల పేర్లు, వారు చేసిన పనులు, తీర్చిన తగవులు పాటగా కట్టి, అడుగులు కలిపి పాడుతూ పిల్లలకు అప్పగించేవారు.

చెట్టు దోనెగా మారిన విధం

ఇటువంటి జీవనానికి ఆధారం దోనె. నేడు ప్రపంచమంతా ఎరిగిన కెనో అనే మాట తైనోల కనోవా అనే మాట నుండి వచ్చినదే. 1492లో కొలంబస్ తన దినచర్యలో ఆ మాటను వ్రాసుకొన్నాడు. ఐరోపా భాషలలోనికి అమెరికా ఖండం నుండి ప్రవేశించిన తొలి మాటలలో అది ఒకటి.

దోనె నిర్మాణం చెట్టును ఎన్నుకోవడంతో ఆరంభమయ్యేది. మన బూరుగు జాతికి చెందిన సేయిబా వృక్షం ఆ దీవులలో మహా స్థూలంగా పెరుగుతుంది. దాని కొయ్య తేలిక, చెక్కడానికి అనువు. దేవదారు వాసన గల మరొక వృక్షాన్ని, గట్టి కొయ్య గల మహాగని వృక్షాన్ని కూడా వాడేవారు. ఇనుము ఎరుగని ఆ నిపుణులకు అగ్నియే మొదటి పనిముట్టు. చెట్టు మొదలు చుట్టూ నిప్పు పెట్టి, కాలి బొగ్గయిన భాగాన్ని రాతిగొడ్డలితో చెక్కివేసి, మరల నిప్పు పెట్టి, మరల చెక్కి, ఓర్పుతో దానిని పడగొట్టేవారు. ఆ రాతిగొడ్డళ్లు పూరేకు ఆకారంలో, అద్దంవలె నునుపుగా నూరినవి. నేడు అనేక ప్రదర్శనశాలలలో వాటిని చూడవచ్చు.

పడిన మ్రానును దొలవడం కూడా అదే రీతి. పైభాగంలో నిప్పు రాజేసి, కావలసినంత లోతు కాలగానే ఆర్పి, రాతి బాడిసలతోను శంఖపు చిప్పలతోను బొగ్గును గీకివేసేవారు. నిప్పు ఎక్కువైతే ప్రక్కగోడ చిల్లు పడుతుంది, తక్కువైతే పని సాగదు. అనుభవజ్ఞుడైన వృద్ధుని కన్ను ఎప్పుడూ దాని మీద ఉండవలసిందే. లోపల దొలిచిన తరువాత నీరు నింపి, కాల్చిన రాళ్లు వేసి, కొయ్య మెత్తబడగానే ప్రక్కలను వెడల్పు చేసి, అడ్డుకర్రలు బిగించేవారు. చల్లారిన పిమ్మట ఆ వెడల్పు నిలిచిపోయేది. ఒక్క మేకు లేదు, ఒక్క అతుకు లేదు. మొత్తం దోనె ఒకే మ్రాను.

చిన్న దోనె ఒక్కరికి సరిపోయేది. పెద్ద దోనెలు చూపరులకు ఆశ్చర్యం కలిగించేవి. 1492 నవంబరు చివర క్యూబా తూర్పు కొసన, నేటి బారకోవా పట్టణ ప్రాంతంలో, స్పెయిన్ నావికులు ఒకే మ్రానుతో చేసిన 95 జానల పొడవు దోనెను చూశారు. అందులో 150 మంది పట్టుదురని కొలంబస్ లెక్కకట్టాడు. ఆ ప్రాంతంలోనే ఎండకు వానకు దెబ్బతినకుండా ఆకుల కప్పు క్రింద వరుసగా భద్రపరచిన పెద్ద దోనెలు కూడా వారికి కనిపించాయి. దోనె ఎంత విలువైన ఉమ్మడి ఆస్తియో ఆ కప్పును చూస్తేనే తెలుస్తుంది.

తైనోలకు తెరచాప లేదు. రొట్టెలు కాల్చేవాని చెక్కపార వంటి తెడ్లతోనే సముద్రం దాటేవారు. అల తాకి దోనె బోర్లాపడితే అందరూ నీటిలో ఈదుతూ దానిని తిరగవేసి, ఎండిన కాయబుర్రలతో నీరు తోడిపోసి, మరల ఎక్కి కూర్చొనేవారు. కొలంబస్ మొదటి దినాలలోనే ఈ దృశ్యం చూసి వ్రాసిపెట్టాడు. ప్రత్తి, చిలుకలు, కొయ్యపీటలు, రాతి పనిముట్లు, పెండ్లి సంబంధాలు, వార్తలు, అన్నీ ఈ దోనెలలోనే ఒక దీవి నుండి మరొక దీవికి పోయేవి. మనకు సముద్రం దేశానికి సరిహద్దుగా తోస్తుంది. వారికి అది ఊరికి ఊరికి నడుమ ఉన్న బాట.

ఆదరణకు దక్కిన ప్రతిఫలం

1492లో స్పెయిన్ ఓడలు ఆ దీవులకు చేరిన ఉదంతం విద్యార్థులకు సుపరిచితమే. కొలంబస్ వెదకినది ఆసియా తీరాన్ని. తాను ఆ ప్రాంతానికే చేరుకున్నానని భ్రమించి అక్కడి వారిని ఇండియన్లని పిలిచాడు. మన దేశపు పేరు, మనకు ఏమాత్రం తెలియకుండానే, వేల మైళ్ల అవతల ఒక జాతికి అంటగట్టబడింది.

ఆ సంవత్సరం క్రిస్మస్ నాటి రాత్రి కొలంబస్ ఎక్కి వచ్చిన సాంటా మరియా ఓడ హిస్పానియోలా ఉత్తర తీరంలో ఇసుక మేటను తాకి దెబ్బతిన్నది. ఆ ప్రాంతపు కసీకే గ్వాకనగరి తన దోనెలన్నిటినీ పంపి, ఓడలోని సామగ్రి యావత్తు ఒడ్డుకు చేర్పించి, కాపలా పెట్టించాడు. చిన్న వస్తువు సైతం పోలేదని కొలంబస్ స్వయంగా నమోదు చేశాడు. హతువే స్వస్థలమైన గ్వాహబా కూడా ఆ ఉత్తర తీరపు దిక్కుననే ఉన్నది. ఆపదలో ఉన్న అపరిచితునికి దోనె పంపడం తైనోల ధర్మం.

ఆ ధర్మానికి లభించిన ప్రతిఫలం భయంకరం. 1495 నుండి బంగారం దొరికే ప్రాంతాలలో 14 ఏళ్లు దాటిన ప్రతి వ్యక్తీ మూడు నెలలకొకసారి డేగ కాలికి కట్టే గంట నిండా బంగారం చెల్లించాలని, ఇతర ప్రాంతాలవారు 25 పౌన్ల ప్రత్తి ఇవ్వాలని శాసించారు. నదుల ఇసుకలో అంత బంగారం లేదు. ఇవ్వలేనివారిని దండించారు. తరువాత మనుషులనే పంచుకొనే పద్ధతి వచ్చింది. ఒక్కొక్క స్పెయిన్ దేశస్థునికి కొన్ని పదుల మందిని, కొన్ని వందల మందిని కేటాయించి, గనులలోను పొలాలలోను పని చేయించారు. మగవారు గనులకు పోగా కొనూకోలు బీడు పడ్డాయి. ఆకలి ప్రవేశించింది. వెనువెంట జబ్బులు ప్రవేశించాయి.

1502లో నికొలాస్ దె ఒవాందో ఆ ద్వీపానికి పాలకుడుగా వచ్చాడు. 1503లో ఆయన నైరుతి ప్రాంతమైన హరాగ్వాకు స్నేహపూర్వక సందర్శనం అని చెప్పి వెళ్లాడు. అక్కడి రాణి అనకావోనా అరెయితోలతో, విందులతో స్వాగతించింది. ఆ విందు నడుమనే కసీకేలను ఒక ఇంటిలో చేర్చి నిప్పు పెట్టించాడు. అనకావోనాను ఆ తరువాత ఉరితీశారు. హరాగ్వా తరువాత స్పెయిన్ సేనలు హతువే ఉన్న పశ్చిమ భాగాలను కూడా లోబరుచుకొన్నాయి. ఆ దండయాత్రలకు నాయకత్వం వహించిన వారిలో దియెగో వెలాస్కెస్ అనే సేనాని ఒకడు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి.

జనక్షయం ఎంత వేగంగా సాగిందో ఆనాటి లెక్కలే చెబుతాయి. 1508లో హిస్పానియోలాలో మిగిలిన తైనోలు సుమారు 60,000 మంది. 1514లో మనుషులను తిరిగి పంచినప్పుడు లెక్కకు వచ్చినవారు సుమారు 26,000 మంది మాత్రమే. మశూచి ఆ ద్వీపంలో అడుగుపెట్టినది 1518 చివర. అంటే ఆ మహమ్మారి రాకముందే ఆ జాతిలో అధిక భాగం నశించిపోయింది.

సముద్రం దాటిన మాట

ఈ దశలో గ్వాహబా కసీకే ఒక నిర్ణయం తీసుకొన్నాడు. స్త్రీలతో, పిల్లలతో కూడిన సుమారు 400 మంది తనవారిని దోనెలలో ఎక్కించి క్యూబా వైపు బయలుదేరాడు. హిస్పానియోలా వాయవ్య కొసకు, క్యూబా తూర్పు కొస అయిన మైసీ అగ్రానికి నడుమ ఉన్న జలసంధి వెడల్పు సుమారు 80 కిలోమీటర్లు. ఆ జలసంధిలో గాలి బలమైనది, ప్రవాహమూ బలమైనదే. అయినా తైనోలకు ఆ దారి కొత్తది కాదు. 1503లో జమైకాలో ఓడలు పాడై చిక్కుబడిన కొలంబస్, సహాయం కోసం దియెగో మెందెస్ అనే తన అనుచరుని అంతకంటె దూరమైన సముద్రం మీదుగా హిస్పానియోలాకు పంపినది తైనో దోనెలలోనే. తెడ్లు వేసినవారూ తైనోలే. వారిలో ఒకడు దప్పికతో దారిలోనే ప్రాణం విడిచాడు. తమను దోచినవారిని సైతం ఒడ్డు చేర్చిన ఆ దోనెలే హతువే చేతిలో తన ప్రజలను కాపాడే సాధనాలు అయ్యాయి.

ప్రాణాలు దక్కించుకోవడం మాత్రమే ఆయన ఉద్దేశమై ఉంటే, క్యూబా అడవులలో ఏ మూలనో ఒదిగి ఉండవచ్చు. ఆ ద్వీపం విశాలమైనది, కొండలు దట్టమైనవి. కాని హతువే అక్కడి తైనో గ్రామాలవారికి తాను చూసినదంతా వివరించాడు. ఆ ఓడలు ఇక్కడికి కూడా వస్తాయని, వచ్చినవారు ఏమి అడుగుతారో, ఎలా మాట్లాడుతారో, ఆ తరువాత ఏమి చేస్తారో తెలియజెప్పాడు.

ఆయన తన బోధను ఒక దృష్టాంతంతో చెప్పిన తీరు చరిత్రలో ప్రసిద్ధమైనది. బంగారమూ ఆభరణాలూ ఉన్న ఒక చిన్న బుట్టను ప్రజల ముందు ఉంచి, వచ్చేవారు పూజించే ప్రభువు ఇదేనని, దీని కోసమే వారు మనలను హింసిస్తున్నారని చెప్పాడు. దానిని ప్రసన్నం చేసుకొందామని అందరూ దాని ముందు అలసిపోయే వరకు అరెయితో ఆడారు. అనంతరం ఆయన, ఇది మన వద్ద ఉన్నంత కాలం దీని కోసం మనలను చంపక మానరని వివరించగా, అందరూ ఏకమై ఆ బుట్టను నదిలో పారవేశారు. లిపి లేని జాతికి చెందిన నాయకుడు, తన ప్రజలకు బాగా తెలిసిన నృత్యాన్నే పాఠంగా మలచిన విధం గమనింపదగినది. ఒకసారి ఆడి పాడినది వారు మరువరు.

అయితే ఆనాటి క్యూబాలో ఏక రాజ్యం లేదు. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు కసీకేయే పెద్ద. ద్వీపమంతా ఒక్కటై ఆయన వెనుక నిలువలేదు. చూడని ఆపదను నమ్మడం మానవులకు కష్టం.

పోరాటం, మరణం

1511లో హతువే చెప్పినది చెప్పినట్లే జరిగింది. సుమారు 300 మంది స్పెయిన్ సైనికులు క్యూబా తూర్పు తీరంలో దిగారు. వారి సేనాని, హిస్పానియోలా పశ్చిమ భాగాన్ని అణచిన ఆ దియెగో వెలాస్కెసే. తరువాతి కాలంలో మెక్సికో సామ్రాజ్యాన్ని కూలద్రోసిన హెర్నాన్ కోర్తెస్ కూడా ఆ దండులో ఉన్నాడు. వారు బారకోవా పట్టణాన్ని స్థాపించారు. దాదాపు ఇరవై ఏళ్ల క్రితం కొలంబస్ ఆ మహా దోనెలను చూసి విస్మయం చెందిన తీరం అదే.

హతువే అనుచరుల వద్ద ఉన్నవి విల్లులు, బాణాలు, కొయ్య గదలు, రాళ్లు. ఎదురుగా ఉక్కు కత్తులు, తుపాకులు, గుర్రాలు, వేటకుక్కలు. బహిరంగ మైదానంలో నిలిస్తే ఒక్క పూటలో సర్వనాశనం తప్పదు. కనుక హతువే తీరంలో తొలి ప్రతిఘటన తరువాత తనవారిని చిన్న చిన్న గుంపులుగా కొండలలోనికి మరల్చాడు. అడవి దారులు తెలిసినవారు హఠాత్తుగా వచ్చి దెబ్బతీసి మాయమయ్యేవారు. గుర్రాలు ఎక్కలేని ఇరుకు లోయలు వారికి కోటలయ్యాయి. కొన్ని నెలల పాటు స్పెయిన్ సేన ముందుకు సాగలేక, కోట దాటడానికి వెనుకాడింది.

వెలాస్కెస్ ఆ ఒక్క మనిషిని పట్టుకోవడమే ప్రధాన కార్యంగా పెట్టుకొన్నాడు. పట్టుబడిన తైనోలను నాయకుని జాడ చెప్పమని చిత్రహింసలు పెట్టారు. ఎందరో చెప్పకుండానే మరణించారు. చివరకు జాడ తెలిసి హతువేను బంధించారు. రాజు అధికారాన్ని ధిక్కరించాడన్న నేరం మోపి, సజీవదహనం శిక్షగా విధించారు. క్యూబా సంప్రదాయం ప్రకారం ఆ దినం 1512 ఫిబ్రవరి 2, ఆ స్థలం యారా.

గుంజకు కట్టివేసిన హతువే వద్దకు ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఒకడు వచ్చాడు. ఉన్న కొద్ది వ్యవధిలో తన మతసూత్రాలను వివరించి, వాటిని స్వీకరిస్తే స్వర్గం, లేకుంటే నరకమని బోధించాడు. హతువే కొంత ఆలోచించి, స్పెయిన్ దేశస్థులు కూడా ఆ స్వర్గానికి పోతారా అని విచారించాడు. వారిలో మంచివారు పోతారని సన్యాసి బదులు చెప్పాడు. అట్లయితే తనకు ఆ స్వర్గం అక్కరలేదని, అంతటి క్రూరులు ఉండే చోట ఉండజాలనని హతువే నిరాకరించాడు. ఈ సంఘటనను ఒక మతాన్ని నిందించడానికి వాడుకోవడం సరికాదు. దీనిని మనకు వ్రాసి అందించినవాడు ఆ మతానికే చెందిన గురువు. ఏ విశ్వాసమైనా తన పేరు చెప్పుకొనేవారి నడవడిని బట్టే పరుల కంటికి కనిపిస్తుందన్న సత్యాన్ని ఆ గురువే ఈ కథ ద్వారా తనవారికి బోధించాడు.

చితి ఆరలేదు

ఆ గురువు పేరు బర్తొలొమే దె లాస్ కాసాస్. ఆయన 1502లో ఒవాందోతో పాటు హిస్పానియోలాకు వచ్చి, ఇతరులవలెనే తైనోల శ్రమ మీద బ్రతికినవాడు. తరువాత క్యూబాకు వచ్చి అక్కడా భూమిని, మనుషులను పొందాడు. 1511 డిసెంబరు 21న సాంటో డొమింగో నగరంలో ఆంతోనియో దె మొంతెసీనోస్ అనే సన్యాసి, ఈ ప్రజలు మనుషులు కారా అన్న ప్రశ్నతో తన దేశస్థులను ప్రార్థనాలయంలోనే నిలదీశాడు. క్యూబాలో కళ్లెదుట జరిగిన ఊచకోతలు, ఆ ప్రశ్న, కలిసి లాస్ కాసాస్ మనస్సును మార్చాయి. 1514లో ఆయన తన క్రింది తైనోలను విడిచివేసి, శేషజీవితమంతా వారి పక్షాన వాదించాడు. 1542లో ఆ ప్రజల బానిసత్వాన్ని నిషేధించే కొత్త శాసనాలు స్పెయిన్‌లో వెలువడడానికి ఆయన కృషి ముఖ్య కారణాలలో ఒకటి. 1552లో సెవిల్ నగరంలో అచ్చయిన ఆయన చిన్న గ్రంథంలోనే హతువే గాథ ఉన్నది. అది అనేక ఐరోపా భాషలలోనికి అనువదింపబడింది. హతువే దోనెలో మోసుకొచ్చిన వార్త చివరకు మహాసముద్రం దాటి, ఆయనను దహించినవారి దేశంలోనే అక్షరరూపం పొందింది.

క్యూబా తైనోల పోరాటం హతువేతో అంతం కాలేదు. గ్వామా అనే మరొక నాయకుడు తూర్పు కొండలలో 1530 దాటిన తరువాత కూడా పోరాడాడు. 1868లో క్యూబా ప్రజలు స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు చేసినప్పుడు ఆ ఉద్యమ ఘట్టం యారా పేరుతోనే ప్రసిద్ధి పొందింది. తొలి పోరు ఆ ఊరిలోనే జరిగింది. నేడు బారకోవా పట్టణంలో ప్రార్థనాలయం ఎదుటి ఉద్యానంలో హతువే విగ్రహం నిలిచి ఉన్నది.

తైనో జాతి పూర్తిగా అంతరించినదని పుస్తకాలు చాలా కాలం వ్రాశాయి. ఆ మాట నిజం కాదని ఇటీవలి పరిశోధనలు నిరూపించాయి. బహామా దీవులలోని ఒక గుహలో దొరికిన, వెయ్యి సంవత్సరాల నాటి ఒక స్త్రీ దంతం నుండి తీసిన జన్యుపదార్థాన్ని 2018లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. నేటి ప్యూర్టో రికో ప్రజలలో ఆ పూర్వుల రక్తం కొనసాగుతున్నదని దాని వలన తేలింది. క్యూబా తూర్పు కొండలలో తాము తైనోల సంతతి అని చెప్పుకొనే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అక్కడి పల్లెలలో కర్రపెండలపు రొట్టె నేటికీ పెనం మీద కాలుతున్నది. కెనో, హరికేన్, హామక్ అనే మాటలు పలికినప్పుడల్లా ప్రపంచం తెలియకుండానే తైనో భాష పలుకుతున్నది.

హతువే యుద్ధంలో గెలువలేదు. ఆయన హెచ్చరిక ఆ ద్వీపాన్ని రక్షించలేదు. ఆ లెక్కన చూస్తే ఆయన ప్రయాణం విఫలమనే చెప్పాలి. కాని క్యూబా తైనోలు ఏమీ తెలియని స్థితిలో, పూలతో పండ్లతో ఎదురేగి మోసపోయే దుస్థితి కొంతమందికైనా తప్పింది. ఎందుకు చంపబడుతున్నారో, దేని కోసం చంపబడుతున్నారో వారికి తెలుసు. తెలిసి తలవంచడమో, తెలిసి ఎదురు నిలవడమో నిర్ణయించుకొనే అధికారం వారికి దక్కింది. మనిషి గౌరవంలో అది చిన్న భాగం కాదు.

కళాశాలలో చదివే యువతీయువకులు తమ ఇంటివారికి, తమ వాడకు తెలియని సంగతులు ఎన్నో తెలుసుకొంటారు. కాగితం మీద ఏమి వ్రాసి ఉన్నదో చదువలేక వేలిముద్ర వేసేవారు, తమకు గల హక్కు తెలియక నష్టపోయేవారు మన చుట్టుప్రక్కల ఇంకా ఉన్నారు. తెలుసుకొన్నవాడు తాను మాత్రం సురక్షితంగా ఒడ్డు చేరి ఊరుకోవచ్చు, లేదా తెడ్డు పట్టి అవతలి ఒడ్డుకు వెళ్లి చెప్పవచ్చు. చెప్పినంత మాత్రాన అందరూ వింటారన్న హామీ లేదు. హతువేకు కూడా ఆ హామీ లేదు. అయినా ఆయన ఒక చెట్టు మ్రానును దొలిచిన దోనెలో, 80 కిలోమీటర్ల సముద్రం దాటి వెళ్లి చెప్పాడు.